వీసా అక్కర్లేదు సరే, ఉద్యోగం చెయ్యొచ్చని ఎవరన్నారు?

సంపాదకులకు,

థాయ్‌లాండ్ గురించి తెలుగు పత్రికల్లో ఏం వచ్చినా 'భారతీయులకు వీసా అక్కర్లేదు' అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కానీ మాట అక్కడితో ఆగిపోతోంది. దాంతో చూసి రావచ్చనీ, కొన్నాళ్లు ఉండిపోవచ్చనీ, కుదిరితే పని కూడా వెతుక్కోవచ్చనీ చదివినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటున్నారు. ఇందులో నిజం మొదటిదొక్కటే. మిగతా రెండింటికీ వేరే కాగితాలున్నాయి, వేరే జరిమానాలున్నాయి. బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇవన్నీ కొట్టినపిండే. బయల్దేరేవాళ్లకే తెలియడం లేదు.

ముందు రోజుల లెక్క. 2023 నవంబరు దాకా మనవాళ్లు విమానాశ్రయంలో దిగి, 2,000 బాట్ (థాయ్ కరెన్సీ) కట్టి, 15 రోజుల వీసా ఆన్ అరైవల్ తీసుకునేవారు. ఆ నెల 10 నుంచి వీసా లేకుండా 30 రోజులన్నారు. 2024 జూలై 15 నుంచి 60 అన్నారు. ఏడాది తిరక్కుండా రెండుసార్లు మారిన అంకె ఇది. అక్కడి కేబినెట్ తలుచుకుంటే మళ్లీ మారుతుంది. కాబట్టి ఈ అంకె అచ్చువేసినప్పుడల్లా అది ఏ తేదీ నుంచి అమల్లో ఉన్నదో పక్కనే వెయ్యాలి. ప్రయాణికుడికి మాత్రం పత్రిక రాసింది కాదు, పాస్‌పోర్టులో ముద్ర మీద అధికారి వేసిన చివరి తేదీయే ప్రమాణం. కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే అది చూసుకోవాలి.

దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. మార్చి 1న దిగినవారికి 60 రోజులంటే ఏప్రిల్ 29తో సరి. 'రెండు నెలలు కదా' అనుకుని ఏప్రిల్ 30కో, మే 1కో టికెట్ కొన్నవాళ్లు దొరికేది ఇక్కడే. తిరుగు విమానం అర్ధరాత్రి దాటాక ఉంటే మరో చిక్కు. చివరి రోజు రాత్రి 12 లోపు ఇమిగ్రేషన్ దాటకపోతే తేదీ మారినట్టే.

గడువు దాటి ఉంటే (దీన్నే ఓవర్‌స్టే అంటారు) రోజుకు 500 బాట్ జరిమానా, ఎంతకాలమైనా 20,000 బాట్ మించదు. అంటే 40 రోజులకే పరిమితి నిండిపోతుంది. 'ఆ తర్వాత ఎన్నాళ్లున్నా అంతే కదా, ఉండిపో' అని సలహా ఇచ్చే ఏజెంట్లున్నారు. వాళ్లు చెప్పనిది నిషేధం సంగతి. 2016 మార్చి 20 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, 90 రోజులకు మించి అదనంగా ఉండి తనంతట తాను విమానాశ్రయానికి వచ్చి జరిమానా కట్టినవారికి ఏడాదిపాటు మళ్లీ ప్రవేశం లేదు. ఏడాది దాటితే మూడేళ్లు, మూడేళ్లు దాటితే ఐదేళ్లు, ఐదేళ్లు దాటితే పదేళ్లు. ఇది స్వయంగా వచ్చినవారికి. రోడ్డు మీద తనిఖీలో పట్టుబడితే లెక్క వేరు: ఏడాది లోపు ఓవర్‌స్టేకే ఐదేళ్ల నిషేధం, ఏడాది దాటితే పదేళ్లు. పైగా చట్టంలో రెండేళ్ల దాకా జైలు కూడా ఉంది. గడువు దాటిందని తెలిసిన రోజునే టికెట్ కొనుక్కుని విమానాశ్రయానికి వెళ్లడం తప్ప మెరుగైన దారి లేదు. ఆలస్యం చేసిన కొద్దీ పట్టుబడే అవకాశం పెరుగుతుందే తప్ప జరిమానా తగ్గదు.

మరికొన్ని రోజులు నిజంగానే కావాలంటే సక్రమమైన పద్ధతి ఉంది. గడువు ముగిసేలోపు స్థానిక ఇమిగ్రేషన్ కార్యాలయంలో టీఎం 7 ఫారం, ఫొటో, పాస్‌పోర్టు నకళ్లు, 1,900 బాట్ ఇస్తే మరో 30 రోజులు పొడిగించవచ్చు. బ్యాంకాక్‌లో ఉన్నవారు చాంగ్ వత్తనాలోని కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ చాలామందిని వెనక్కి పంపేది టీఎం 30 లేకపోవడం వల్ల. విదేశీయుడు బస చేసిన 24 గంటల్లోపు ఆ ఇంటి యజమాని ఈ ఫారంతో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలన్నది 1979 నాటి చట్టంలోని 38వ సెక్షన్. హోటళ్లు ఆ పని వాటంతటవే చేస్తాయి. స్నేహితుడి ఫ్లాట్‌లోనో, నెల అద్దెకు తీసుకున్న కాండోలోనో దిగినప్పుడే ఎవరూ పట్టించుకోరు. తెలియజేయాల్సింది యజమానే, కానీ రసీదు లేకపోతే తిరగాల్సింది అద్దెకున్నవాడు. అందుకని గది చూసుకునేటప్పుడే 'టీఎం 30 చేస్తారా' అని అడగాలి. నీళ్లు నమిలే యజమాని దగ్గర అడ్వాన్సు కట్టకపోవడమే మంచిది.

పొడిగింపు కూడా అయిపోయాక సరిహద్దు దాటి గంటలో తిరిగొచ్చి కొత్త ముద్ర వేయించుకోవడాన్ని 'వీసా రన్' అంటారు. దీని గురించి యూట్యూబులో వీడియోలు చేసేవాళ్లకు కొదవ లేదు. వీసా లేకుండా భూమార్గాన ప్రవేశం క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లే. విమానంలో వస్తే అంత కచ్చితమైన సంఖ్య లేదు గానీ, పాస్‌పోర్టు నిండా వెంటవెంటనే పడిన థాయ్ ముద్రలు చూసి 'ఇతను పర్యాటకుడు కాదు' అని వెనక్కి పంపే అధికారం అధికారికి ఉంది. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బు చూపమని కూడా అడుగుతారు. 20,000 బాట్ నగదుగా దగ్గర ఉంచుకుంటే వాదన ఉండదు. ఇక 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగే సైట్లు గూగుల్‌లో పైవరసలోనే కనబడతాయి. చిరునామా చివర 'గో.టీహెచ్' లేకపోతే అది ప్రభుత్వ సైటు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పర్యాటకుడి ముద్ర మీద ఒక్క రోజు పని చేసినా నేరమే. జీతం ఇవ్వలేదు, ఊరికే సాయం చేశాను అన్నా చెల్లదు. పర్మిట్ లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 50,000 బాట్ జరిమానా, దేశం నుంచి పంపివేత, రెండేళ్లపాటు మళ్లీ పర్మిట్ రాకపోవడం. పెట్టుకున్న యజమానికి మనిషికి 10,000 నుంచి లక్ష బాట్. పర్మిట్ ఉన్నా విదేశీయులు చేయకూడని పనుల జాబితా వేరే ఉంది. టూర్ గైడ్, వాహనం నడపడం, క్షౌరం, థాయ్ మసాజ్, వీధుల్లో తిరిగి అమ్మడం, గుమస్తా పని అందులోవే. మన ఊళ్ల నుంచి బృందాలను తీసుకెళ్లే టూర్ నిర్వాహకులు ఇది గమనించాలి. బృందానికి తోడుగా రావచ్చు. గుడి ముందు నిలబడి చరిత్ర చెప్పాల్సింది మాత్రం లైసెన్సున్న థాయ్ గైడే.

సక్రమమైన ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిస్తే మోసపు ఉద్యోగాన్ని గుర్తుపట్టడం తేలిక. మామూలుగా ఒక్క విదేశీయుడిని పెట్టుకోవాలంటే కంపెనీకి 20 లక్షల బాట్ రిజిస్టర్డ్ మూలధనం ఉండాలి, ఏడాది పొడిగింపు కావాలంటే మనిషికి నలుగురు థాయ్ ఉద్యోగులు ఉండాలి. భారతీయుడి జీతం నెలకు 35,000 బాట్‌కు తగ్గకుండా చూపాలి. ముందు కంపెనీ కార్మిక శాఖలో దరఖాస్తు పెడుతుంది. ఆ కాగితంతో అభ్యర్థి ఇండియాలో ఉండగానే ఈ-వీసా సైటులో నాన్ ఇమిగ్రెంట్ బి వీసా తీసుకుంటాడు. దాని మీద 90 రోజులిస్తారు. ఆ లోపు వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఏడాది పొడిగింపు. ఇంత తతంగం 'సహాయకుడు కావాలి, భోజనం వసతి ఉచితం' అనే దుకాణం పెట్టుకోదు.

'టూరిస్టుగా వెళ్లు, అక్కడ మార్పిస్తాం' అనే మాట మీ పాఠకుల్లో చాలామంది వినే ఉంటారు. సగం నిజం కాబట్టే అది అంతగా పనిచేస్తోంది. దేశం లోపల మార్చుకునే పద్ధతి చట్టంలో ఉంది. టీఎం 87 ఫారం, 2,000 బాట్, గడువులో ఇంకా కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి, కంపెనీ కాగితాలన్నీ సిద్ధంగా ఉండాలి. మార్పు పూర్తయ్యేదాకా పనిలో అడుగుపెట్టకూడదు. ఏజెంటు మిగతా సగం చెప్పడు.

వర్క్ పర్మిట్‌తో కుదురుగా ఉన్నవాళ్లు కూడా జారిపోయే చోట్లు రెండు. మొదటిది, టీఎం 47 అనే 90 రోజుల నివేదిక. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా ఇవ్వవచ్చు. అది చిరునామా తెలపడమే, వీసా పొడిగింపు కాదు. రసీదు మీద తదుపరి తేదీ చూసి వీసా అప్పటిదాకా ఉందనుకుని ఓవర్‌స్టేలో పడ్డవాళ్లున్నారు. రెండోది ఇంకా బాధాకరం. ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేదని ఫోనొస్తుంది, దొరికిన విమానం ఎక్కేస్తారు. రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే ఏడాది పొడిగింపు ఆ క్షణమే రద్దు, మళ్లీ మొదటి నుంచి. ఒక్కసారికి 1,000 బాట్, ఎన్నిసార్లయినా వాడుకునేదానికి 3,800. బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో బయల్దేరే చోట కూడా ఇస్తారు. విమానానికి ఇంకో గంట ముందుగా వెళితే చాలు.

రిటైరయ్యాక ఫుకెట్‌లో ఉందామనే వారికి క్లుప్తంగా: 50 ఏళ్లు నిండాలి, థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి, తర్వాత మూడు నెలలూ కదలకూడదు, మిగతా ఏడాది 4 లక్షలకు తగ్గకూడదు. ఆ మొత్తం మన రూపాయల్లో 20 లక్షలు దాటుతుంది. ఏడాదిలో విదేశానికి పంపే డబ్బు 10 లక్షలు దాటిన మేరకు మన బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇంటి నుంచే విదేశీ కంపెనీకి పనిచేసే సాఫ్ట్‌వేర్ వారికి 2024లో డీటీవీ అనే ఐదేళ్ల వీసా వచ్చింది. 5 లక్షల బాట్ నిల్వ చూపాలి, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండవచ్చు. థాయ్ కంపెనీకి మాత్రం పనిచేయకూడదు. క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు నిండితే అక్కడి పన్ను చట్టం వర్తిస్తుందన్నది మర్చిపోకూడదు.

చివరగా, మయన్మార్ సరిహద్దు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగమని మన యువకులను తీసుకెళ్లి, కారులో దాదాపు 500 కిలోమీటర్ల దూరాన మే సాత్ పట్టణానికి చేర్చి, మోయి నది దాటించి మ్యావడీ దగ్గర సైబర్ మోసాల శిబిరాల్లో పడేస్తున్నారు. 2025 మార్చిలో భారత వైమానిక దళ విమానాలు మే సాత్ నుంచి 500 మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చాయి, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. నది దాటినవాడి పాస్‌పోర్టులో థాయ్‌లాండ్ వదిలిన ముద్ర ఉండదు, మయన్మార్‌లోకి వచ్చిన ముద్రా ఉండదు. రెండు దేశాల్లోనూ అతనే నేరస్థుడిగా కనబడతాడు. కారు నగరం దాటి రెండు గంటలైనా ఆగకపోతే ఫోన్‌లో మ్యాప్ తెరవాలి. దారి తాక్ రాష్ట్రం వైపు వెళ్తోందంటే పెట్రోల్ బంకు దగ్గరైనా దిగిపోయి, పర్యాటక పోలీసులకు 1155కు ఫోన్ చేయాలి.

దీనికి మన వైపు నుంచి ఒక అడ్డుకట్ట ఉంది, ఎవరూ రాయరు. పదో తరగతి పాసవని వారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాల్సిన 18 దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఒకటి. ఆ అనుమతి భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటు ద్వారా, రిజిస్టరైన ఏజెంటు ద్వారా రావాలి. ఆ ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. పర్యాటకుడిగా పంపిస్తే ఈ తనిఖీ ఏదీ ఉండదు. 'వీసా అక్కర్లేదు' అన్న శీర్షిక ఏజెంట్లకు అంత ఇష్టం కావడానికి కారణం అదే.

అందుకని సంపాదకులకు ఒక విన్నపం. విదేశీ ఉద్యోగాల క్లాసిఫైడ్ తీసుకునేటప్పుడు ఈ-మైగ్రేట్ లైసెన్సు నంబరు అడగండి, ఆ సైటులో అది ప్రస్తుతం చెల్లుబాటులో ఉందో లేదో చూడండి, ప్రకటనలో ఆ నంబరు అచ్చువేయండి. నంబరు ఇవ్వలేనివారి ప్రకటన వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్యాంకాక్