మే నెలలో మన దగ్గర ఒంటిచక్రం సైకిల్ కొన్నవాళ్లకు

మే నెలలో మన షాపులో 20 అంగుళాల ఒంటిచక్రం సైకిల్ తీసుకున్న పదకొండు మందికీ ముందు ఒక మాట. ఈసారి బండి ఎక్కేముందు ఎడమ పెడలు ఇరుసు చివర చూడండి. అక్కడ ‘ఎల్’ అని చెక్కి ఉండాలి. ‘ఆర్’ ఉంటే ఎక్కకండి. తప్పు మీది కాదు, నాది.

పోయిన వారం ఇంజినీరింగ్ కుర్రాడొకడు బండి భుజాన వేసుకుని వచ్చాడు. ఒక పెడలు జేబులో ఉంది. ‘గోదావరి గట్టు మీద తొక్కుతుంటే ఊడొచ్చేసిందండీ’ అన్నాడు. కాళ్ల మీదే దిగాడు కాబట్టి దెబ్బ తగల్లేదు. పెడలు తీసుకుని చూస్తే మరల మధ్య అల్యూమినియం తురుము వెండిదారంలా చుట్టుకుని ఉంది. క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, దాని బెజ్జంలో వేలు పెడితే గరుగ్గా తగలాల్సింది కాస్తా నున్నగా తగిలింది. ముప్పై ఏళ్ల నుంచి పానా పట్టుకుంటున్నవాణ్ణి, సిగ్గేసింది.

ఏ సైకిల్‌కైనా ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. తొక్కుతున్నకొద్దీ కాలి బరువుకి పెడలు తనంతట తను వదులైపోకుండా చేసిన ఏర్పాటు అది. మామూలు సైకిల్‌కి చైను ఒక పక్కే ఉంటుంది కాబట్టి క్రాంకులు తారుమారు కావు. దీనికి చైనూ లేదు, హ్యాండిలూ లేదు. ఫోర్కులో చక్రాన్ని ఎటు తిప్పి పెట్టినా బుద్ధిగా కూర్చుంటుంది. తిరగేసి పెడితే ఎడమ పెడలు కుడి కాలి కిందికీ, కుడిది ఎడమ కాలి కిందికీ వెళ్లి, తొక్కుతున్నకొద్దీ వదులవుతాయి. పైగా ఈసారి వచ్చిన సీట్లు రెండు చివర్లా పైకి లేచి ఉండటంతో ముందేదో వెనకేదో మా కుర్రాడికి తెలియలేదు. వాణ్ణి అని లాభం లేదు. ఇచ్చేముందు అక్షరం చూడాల్సింది నేను. వేసవి సెలవుల హడావుడిలో గాలి కొట్టి పంపించేశాను.

పెడలు ఇంకా గట్టిగానే ఉంటే బాగుచేయడం పది నిమిషాల పని. చక్రం విప్పక్కర్లేదు. సీటు రాడ్డు బిగింపు వదులు చేసి, సీటును సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే ‘ఎల్’ మీ ఎడమ కాలి కిందికి వస్తుంది. తర్వాత 15 నంబరు పానాతో రెండు పెడళ్లూ బిగించండి. తొక్కేటప్పుడు చుట్టుకోసారి టక్కుమని చప్పుడొస్తుంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయకుండా షాపుకి తెచ్చేయండి. మర పోయిన క్రాంకులు మార్చి ఇస్తాను, డబ్బులు వద్దు. కాకపోతే 125 మిల్లీమీటర్లవి నాలుగు జతలే ఉన్నాయి. అవి అయిపోతే 114వి ఉన్నాయి. పొట్టి క్రాంకుతో కాళ్లు చకచకా తిరుగుతాయి గానీ, ఆపడానికీ ఎత్తు ఎక్కడానికీ బలం ఎక్కువ పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు 125 వచ్చేదాకా ఆగితేనే మంచిది.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి షాపులో రోజూ అడిగేవాటికి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బ్రేకు లేదేమిటంటారు. ఇందులో ఫ్రీవీలు ఉండదు, చక్రం తిరిగితే పెడలూ తిరగాల్సిందే. అంచేత మీ కాళ్లే బ్రేకు. వేగం సంగతి కూడా అంతే. 20 అంగుళాల చక్రం పెడలు ఒక చుట్టు తిరిగితే దాదాపు మీటరున్నర కదులుతుంది, అంటే నడక కంటే కాస్త నయం. దూరాలు వెళ్లేవాళ్లకి 36 అంగుళాలవి ఉంటాయి. ఇంగ్లండు కుర్రాడు ఎడ్ ప్రాట్ 2015లో బయల్దేరి 2018లో ఇంటికి చేరాడే, ప్రపంచం చుట్టి వచ్చింది ఆ సైజు మీదే. నేను మాత్రం తెప్పించను. ఎక్కడానికే నెల పడుతుంది, ఆ నెలంతా జనం నన్ను తిడతారు.

సీటు ఎత్తు విషయంలో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. భయంతో బాగా కిందికి దించేస్తారు. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే చాలు. బరువంతా సీటు మీదే వెయ్యాలి. పెడళ్ల మీద నిలబడితే అరగంటకే తొడలు పట్టేస్తాయి, బండీ చెప్పిన మాట వినదు.

‘ఇది సర్కస్‌వాళ్లది కదండీ, మా అమ్మాయికెందుకు?’ అని ఒక తల్లి అడిగారు. నిజమే, మన కళ్లకి సర్కసే గుర్తొస్తుంది. జపాన్‌లో అయితే 1978లోనే దీనికొక సంఘం పెట్టారు. అక్కడి చాలా ప్రాథమిక బడుల్లో ఆటస్థలం పక్కన గొడుగుల్లా వరసగా వేలాడదీసి ఉంటాయి, విరామంలో పిల్లలు తీసి తొక్కుకుంటారు. పెద్ద ముందుచక్రం, బుల్లి వెనకచక్రం ఉన్న పాతకాలం సైకిల్ నుంచి ఇది పుట్టిందంటారు. బ్రేకు వేసినప్పుడు వెనకచక్రం గాల్లోకి లేస్తుంటే, అసలది ఎందుకని ఎవడికో తోచిందట. కథ బాగుంది, నేనూ కొనేవాళ్లకి చెప్తుంటాను. ఆవిడ ఇంకా కొనలేదు.

ఈ ఆదివారం, వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిది దాకా పానా, పెడళ్లు పట్టుకుని గట్టు మీదే ఉంటాను. దూరం ఊళ్లవాళ్లు బండి మీద కూర్చుని, ఎడమ పెడలు కనిపించేలా ఫోటో తీసి పంపండి. పదకొండు మందిలో ఇప్పటికి ఆరుగురితో మాట్లాడాను. మిగతా ఐదుగురి ఫోన్లు కలవడం లేదు, మీకు తెలిసినవాళ్లయితే ఈ సంగతి చేరవెయ్యండి.