చైనా వాళ్ల పండగ వంటలూ చూపించండి

సంపాదకులకు,

చైనా తిండి గురించి మన పత్రికల్లో, టీవీల్లో ఏం వచ్చినా అందులో పామో, తేలో, గబ్బిలమో ఉంటుంది. మెడిసిన్ చదవడానికి నేను కొన్నేళ్లు ఈశాన్య చైనాలోని షెన్యాంగ్‌ నగరంలో ఉన్నాను. ఆ సంగతి తెలిస్తే చాలు, పేషెంట్లు మొదట అడిగేది పాముల గురించే. వాళ్లను అని లాభం లేదు, వాళ్లకు చూపించింది అదే కదా. బీజింగ్‌ వాంగ్‌ఫుజింగ్ వీధిలో టూరిస్టుల కోసం పుల్లలకు గుచ్చిన తేళ్లను ఫొటో తీసి, దేశమంతా రోజూ అదే తింటున్నట్టు రాయడం అన్యాయం.

డిసెంబరు 21న గానీ 22న గానీ వచ్చే దోంగ్‌జి పండక్కి అక్కడి ఇళ్లలో ఏం వండుకుంటారో ఒక్కసారి రాయండి. ఏడాదిలో అతి పొడవైన రాత్రి అది, సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు. మనం ఆ మలుపును జనవరిలో సంక్రాంతితో కలిపి జరుపుకుంటాం. ఏడాదిని 24 భాగాలు చేసే చైనా వాళ్ల కాలమానంలో దోంగ్‌జి ఒకటి. ఆ పద్ధతిని 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మకావ్‌లోనైతే ఈ పండక్కి సెలవు కూడా ఇస్తారు.

ఉత్తర చైనాలో ఆ రోజు జియావోజి, అంటే లోపల కూర పెట్టి ఉడికించే గోధుమపిండి వంటకం, తినాల్సిందే. మా క్యాంటీన్‌ వంటావిడ చిన్న కర్రతో గోధుమపిండి బిళ్లను ఒక చేత్తో తిప్పుతూ, అంచు పలచగా, నడుమ మందంగా ఒత్తేది. లోపల పెట్టేదాని బరువుకు అడుగు చిరగకూడదు మరి. షెన్యాంగ్‌ వైపు పులియబెట్టిన క్యాబేజీ, పంది మాంసం పెడతారు. పంది మాంసం తినని మాలాంటివాళ్లకు గుడ్డు, ఆకుకూర. కజ్జికాయలా మడిచి మరిగే నీళ్లలో వేస్తారు. పొంగు వచ్చినప్పుడల్లా కాసిని చన్నీళ్లు పోస్తారు, అలా మూడుసార్లు. దాంతో పైపొర చిట్లకుండా లోపలిది ఉడుకుతుంది. నల్ల వెనిగర్, వెల్లుల్లి నంజుకుని తిన్నాక, అరుగుదలకు మంచిదని ఆ ఉడికించిన నీళ్లు కూడా తాగుతారు.

ఆ రోజు జియావోజి తినకపోతే చలికి చెవులు ఊడిపోతాయని పిల్లలకు చెబుతారు. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, చలికి చెవులు పుండ్లు పడిన పేదలకు మేక మాంసం, మూలికలు తరిగి, చెవి ఆకారంలో పిండిలో చుట్టి, ఉడికించి పెట్టాడట. కథే కావచ్చు. అయినా జలుబు చేస్తే శొంఠి, మిరియాలు వెతికే మనకు ఆ ఆలోచన బాగా తెలిసిందే.

దక్షిణాదిన తాంగ్‌యువాన్. జిగురు బియ్యప్పిండి ఉండల్లో నల్ల నువ్వులు, పంచదార పెట్టి ఉడికించి, చాలాచోట్ల అల్లం వేసిన తీపి నీళ్లలో వడ్డిస్తారు. చనిపోయిన పెద్దలకు పెట్టాకే తినే ఇళ్లు ఎన్నో. తింటే ఒక ఏడాది వయసు పెరిగినట్టని లెక్క. నైరుతి చైనాలోని చెంగ్డూ నగరంలో మాత్రం మాంసం సూపు కోసం హోటళ్లు కిటకిటలాడతాయి. నువ్వులు, బియ్యప్పిండి, పెద్దలకు పెట్టుకోవడం: సంక్రాంతి చేసుకునేవాళ్లకు ఇందులో వింతేముంది?

ఇదేదో వంటల ముచ్చట అనుకోకండి. 2020లో మన నగరాల్లో ఈశాన్య రాష్ట్రాల పిల్లల్ని, ముఖం చూసి ‘కరోనా’ అని పిలిచారు. ఏళ్ల తరబడి సాగిన వెక్కిరింతలే దానికి దారి వేశాయని నా నమ్మకం.

చైనాలో చదివొచ్చిన తెలుగు డాక్టర్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఈ డిసెంబరులో ఒక ఆదివారం వంటల పేజీ వాళ్లతో రాయించండి. అడిగితే నేనూ రాస్తాను.

– ఒక డాక్టరు, గుంటూరు