సదస్సులు చాలు, వారానికి ఒక పీరియడ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ‘విద్యార్థులకు డిజిటల్ అక్షరాస్యతపై అవగాహన’ అని వార్త వేశారు. పక్కనే ఫొటో. ఫ్లెక్సీ ముందు కుర్చీల్లో పెద్దలు, కింద వరుసగా కూర్చున్న పిల్లలు. వేదిక మీద ఉన్నవాళ్ల పేర్లన్నీ రాశారు. పిల్లలకు ఏం నేర్పారో చూద్దామని చివరిదాకా చదివితే ‘సెల్‌ఫోన్‌ను మంచికే వాడాలి, సోషల్ మీడియాకు దూరంగా ఉండాలి’ అన్న ఒక్క ముక్క దొరికింది. ఇది నేర్పడం ఎట్లా అవుతుందండీ? ఆ రోజే రాద్దామనుకున్నాను, దరఖాస్తుల రద్దీలో కుదరలేదు.

పత్తికొండలో నాది నెట్ సెంటర్. హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్పులు, ఆధార్, బ్యాంకు లింకు, రేషన్ కార్డు ఈకేవైసీ, అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఫోన్ అన్‌లాక్ చేసి నా చేతిలో పెట్టి టీ తాగడానికి పోయేవాళ్లు, ఓటీపీ వస్తే పదిమంది ముందు గట్టిగా చదివేవాళ్లు, పాస్‌వర్డ్ మర్చిపోయి ‘నువ్వే ఏదో పెట్టినావు కదన్నా, అదే కొట్టు’ అనే పదో తరగతి పిల్లలు నాకు రోజూ కనిపిస్తారు. పరిస్థితి ఎట్లా ఉందో వేదిక మీది పెద్దలకంటే మాకే ఎక్కువ తెలుసు.

2025 జూన్‌లో, బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడిన వారం సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ‘డబ్బులు పడలేదా? ఈ లింక్ నొక్కి స్టేటస్ చూసుకోండి’ అని వాట్సాప్‌లో మెసేజ్. పైన ముఖ్యమంత్రి ఫొటో, ప్రభుత్వ ముద్ర, కింద ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించేది. ఆ పిల్ల మెసేజ్ మొత్తం తడబడకుండా చదివింది, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలతో సహా. పంపిన నంబరు ఎవరిదో చూడాలని గానీ, ప్రభుత్వ వెబ్‌సైట్ అయితే చిరునామా చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉందో లేదో చూడాలని గానీ, ఇట్లాంటి ఫైలు ఎక్కించుకుంటే ఫోన్‌కు వచ్చే ఓటీపీలు అవతలివాడి చేతికి పోవచ్చని గానీ ఆమెకు బడిలో ఎవరూ చెప్పలేదు. చెబితే వెంటనే పట్టుకుంది. వాళ్ల అమ్మకు నాకంటే బాగా విడమరిచి చెప్పింది కూడా.

అధికారులు గమనించాల్సింది ఇక్కడే ఉంది. మా పడమటి మండలాల్లో చాలా ఇళ్లలో చదవగలిగేది బడికి పోయే పిల్లలే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస పనికి పోతారు. అమ్మానాన్న అక్కడ, అవ్వ దగ్గర పిల్లలు ఇక్కడ, మధ్యలో ఒక స్మార్ట్‌ఫోన్. బ్యాంకు మెసేజ్ చదివేది, నాయన పంపిన డబ్బులు వచ్చినాయో లేదో చూసేది, ఎవరైనా ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం’ అంటే జవాబు చెప్పేది ఏడో తరగతి పిల్లాడు. వాడికి ఒక్కడికి సరిగా నేర్పితే ఇల్లంతా జాగ్రత్తపడుతుంది. ఫోన్‌కు దూరంగా ఉండమని వాడికి చెప్పి చేతులు దులుపుకుంటే ఆ ఇంటికి ఇంకెవరు దిక్కు? డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న సంగతి కూడా మా సెంటర్‌కు వచ్చే పిల్లల్లో చాలామందికి తెలియదు.

2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వమే తన సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. హాల్‌టికెట్లు కూడా అందులోనే. మంచి పని, జనానికి తిరుగుడు తగ్గింది. ఆఫీసుల్లో అన్నీ వాట్సాప్‌లో చూసుకోమంటారు, బడికి వచ్చి దాని జోలికి పోవద్దంటారు. పిల్లలు ఏది వినాలి? అసలైన మన మిత్ర నంబరు ఏదో, ఆ పేరు పెట్టుకుని వచ్చే దొంగ నంబరు ఏదో కనిపెట్టడం ఏ తరగతిలో చెబుతున్నారు?

మోసాల సంగతి ఒక్కటే అయితే పోలీసులకు వదిలేయొచ్చు. తప్పుడు వార్తల బెడద కూడా ఉంది. తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. మా నేలలో వజ్రాలు దొరకడం అబద్ధం కాదు, అందరికీ తెలిసిందే. కానీ ‘కూలీకి రెండు కోట్ల వజ్రం’ అని పెద్ద అక్షరాలతో వచ్చే వీడియోల్లో ఏ ఊరో ఉండదు, ఏ రోజో ఉండదు. అట్లాంటి ఒకదాన్ని, ఫొటో ఎక్కడిదో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. ఆ రాయి ఫొటో ఎక్కడో విదేశీ నగల దుకాణం పేజీలోది. ఇవి చూసి బడి ఎగ్గొట్టి వానలో చేలెంట తిరిగే పిల్లలు ఉన్నారు. బళ్లారి నుంచి, అనంతపురం నుంచి బండ్లు మాట్లాడుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. విత్తనం వేసుకున్న రైతు మొత్తుకుంటున్నా దుక్కి తొక్కేస్తారు. పిల్లలకు పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? బడిలో ఉన్న డిజిటల్ ప్యానెల్ తెర మీద ఆ వీడియో పెట్టి, ఇది ఎవరు చెబుతున్నారు, ఎప్పటిది, వజ్రం దొరికిన మనిషి ఎందుకు కనిపించడు, ఎక్కువమంది చూస్తే డబ్బు ఎవరికి అని అడిగితే మిగతాది పిల్లలే తేలుస్తారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు చూడాల్సింది. కోసిగి, మంత్రాలయం, నందవరం వైపు నది ఒడ్డు ఊళ్లకు అధికారులు హెచ్చరికలు ఇచ్చారు. ఆ అసలు హెచ్చరిక ఫోన్లలో ఎక్కడో అడుగున పడిపోయింది. పైన తిరిగిందంతా ‘డ్యాం తెగిపోయింది, కర్నూలు మునుగుతోంది’ అనే మాటలు, 2009 వరద వీడియోలు. 2009 అక్టోబరు 2న మునిగిన ఊరు మనది, ఆ వీడియో చూస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు బదులు అడ్డుపెట్టే ఇనుప పలకలు దించి నీళ్లు ఆపారన్న మాట మాత్రం అంత జోరుగా తిరగలేదు. పాత వీడియోను పాతదని గుర్తుపట్టే పిల్లాడు ఇంటికి ఒకడు ఉండి ఉంటే ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో టెన్షన్ తప్పేది!

ఇది చేయడం కుదరదని ఎవరూ అనకండి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు రేగి దేశమంతా అమాయకులను కొట్టి చంపారు. బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ ఇంజినీరు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. అప్పుడు మనకు నది అవతల ఉన్న గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు. అదే ఏడాది కేరళలోని కన్నూరులో కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ ‘సత్యమేవ జయతే’ పేరుతో సుమారు 150 ప్రభుత్వ బడుల్లో దొంగ వార్తలను గుర్తుపట్టడం పాఠంగా చెప్పించారు. అంతకు ముందు సంవత్సరం అక్కడ టీకాల మీద లేచిన పుకార్లే దానికి కారణం. ఒక కలెక్టరు, ఒక ఎస్పీ అనుకుంటే అయిన పని ఇది.

మన దగ్గర వస్తువులకు కొదవ లేదు. 2022లో, 2023లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. తరగతి గదుల్లో ప్యానెళ్లు, స్మార్ట్ టీవీలు పెట్టారు. గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని కేంద్రం 2017లో మొదలుపెట్టిన శిక్షణ 14 ఏళ్లు నిండినవాళ్లకే, అదీ ఇంటికొకరికే, 20 గంటలు ఇచ్చేవాళ్లు. ఎనిమిదో తరగతి పిల్లలు చాలామంది ఆ లెక్కలోకే రాలేదు. టీచర్లను అంటే పాపం తగులుతుంది. హాజరు యాప్‌లో వేయాలి, భోజనం వివరాలు యాప్‌లో పెట్టాలి, 2024 దాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో ఎక్కించేవాళ్లు. నెట్ రాక మా సెంటర్‌కు పరుగెత్తుకొచ్చే సార్లు ఉన్నారు. డిజిటల్ పేరుతో ఇంత చాకిరీ చేయించుకుంటూ, పిల్లలకు డిజిటల్ చదువు చెప్పడానికి వాళ్లకు ఒక్క గంట మిగల్చడం లేదు.

ఇంకో మాట. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు బిడ్డ. 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయి, తర్వాత గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ జీవితమంతా తిరిగిన మనిషి. ఆయన పుట్టిన జిల్లాలో ఇప్పుడు పిల్లలు పేపరు పట్టుకోవడం ఎక్కడ కనిపిస్తోంది? ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మా దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. పిల్లలను శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లి ఒకే సభ గురించి మూడు పేపర్లలో వచ్చిన వార్తలు పక్కపక్కన పెట్టి చదివించండి. ఏ పేపరు ఏది పైన పెట్టింది, ఏది వదిలేసింది అని వాళ్లే చెబుతారు. మీ పేపరుతో సహా అని మొహమాటం లేకుండా అంటున్నాను.

జిల్లా విద్యాశాఖను నేను అడిగేది ఒక్కటే. ఆరో తరగతి నుంచి వారానికి ఒక పీరియడ్ కేటాయించండి. శనివారం నో బ్యాగ్ డే ఉండనే ఉంది, అందులో పెట్టినా చాలు. బడికి ఒక టీచరుకు శిక్షణ ఇచ్చి, ఆ రోజు వాళ్లకు యాప్‌ల పని పెట్టకండి. పాఠాలు తెలుగులో, మన జిల్లా ఉదాహరణలతో తయారు చేయించండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు ఉపన్యాసాలు తగ్గించి, పిల్లల చేతనే తల్లిదండ్రులకు దొంగ లింకు ఎట్లా గుర్తుపట్టాలో చూపించండి.

మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. సదస్సు ఫొటోలకు ఇచ్చే చోటులో సగం తీసి, ఆ వారం మన జిల్లాలో తిరిగిన ఒక తప్పుడు మెసేజ్‌ను, అది తప్పని ఎట్లా తేలిందో జిల్లా పేజీలో వేయండి. టీచర్లు కత్తిరించి తరగతి గోడకు అంటించుకుంటారు. మెసేజ్‌లు కావాలంటే నేను పంపుతాను, మా సెంటర్‌కు రోజూ వస్తూనే ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పత్తికొండ, కర్నూలు జిల్లా