పెడల్‌ని పైకి లాగక్కర్లేదు

ఎడిటర్ గారికి,

ఆదివారం మీ పేజీలో సైకిల్ తొక్కే పద్ధతి మీద వచ్చిన వ్యాసం చదివాను. అంతా బాగానే ఉంది గానీ, పెడల్‌ని కిందికి తొక్కడమే కాదు పైకి కూడా లాగాలి, అది అలవాటు కావాలంటే ఫలానా పరికరాలు కొనుక్కోవాలి అన్న దగ్గర ఊరుకోబుద్ధి కాలేదు.

ఈ సంగతి ఎప్పుడో కొలిచి చూశారు. 2007లో కోర్ఫ్ అనే పరిశోధకుడి బృందం 8 మంది సైక్లిస్టుల చేత నాలుగు రకాలుగా తొక్కించి ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఖర్చవుతోందో లెక్కగట్టింది. మామూలుగా తొక్కినా, గుండ్రంగా తిప్పినా, గట్టిగా కిందికి నొక్కినా పెద్ద తేడా లేదు. పైకి లాగినప్పుడు పెడల్ మీద బలం సమంగా పడినట్టు కనిపించింది కానీ, శరీరానికి అదే అన్నిటికన్నా ఖరీదైన పద్ధతిగా తేలింది. మరి కాదా? పిరుదులు, తొడ ముందుభాగం చేసే పనిని కాలు పైకెత్తే చిన్న కండరాలకు అప్పగిస్తే అవి త్వరగా అలసిపోతాయి. పైకొచ్చే కాలు కిందికి తొక్కే కాలికి బరువు కాకుండా ఉంటే చాలు. స్ప్రింట్‌లోనో, నిటారు ఎత్తు మీదో లాగుతారు, అది వేరే సంగతి.

ఇక పరికరాలు. ఏ కాలికాకాలు విడిగా తిరిగే క్రాంకులతో, అంటే పెడళ్లు బిగించే కడ్డీలతో, లాభం ఉందని 2003లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది, తర్వాతివాటిలో ఆ లాభం సరిగ్గా కనబడలేదు. కోలగా ఉండే చైన్‌రింగు (పెడళ్ల దగ్గర చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) కూడా కొత్తదేం కాదు, సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో 1980ల్లోనే బయోపేస్ పేరుతో తెచ్చి తర్వాత వదిలేసింది. 2012లో బ్రిటన్ సైక్లిస్టు విగ్గిన్స్ అలాంటి కోల రింగుతోనే టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచాడు, నిజమే, గుండ్రటి రింగులతో గెలిచినవాళ్లు అంతకన్నా చాలామంది ఉన్నారు! పవర్ మీటర్ మాత్రం పనికొచ్చేదే, ఎంత గట్టిగా తొక్కుతున్నామో చెబుతుంది. ఎడమ కాలి బలం 48 శాతం, కుడి కాలిది 52 శాతం అని చూపించగానే టెన్షన్ పడిపోతేనే చిక్కు.

పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ మీద చూడండి, లక్షల రూపాయల ఖరీదు చేసే సైకిళ్ల మీద కూడా సీట్లు కిందికే ఉంటాయి, మోకాళ్లు బయటికి తెరుచుకుని ఉంటాయి. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు తిన్నగా ఉండేలా సీటు ఎత్తాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే కాస్త దించాలి. దీనికి కావలసిందల్లా బోల్టు తిప్పే ఒక అలెన్ కీ. ఆ తర్వాత గేరు, ఎదురుగాలిలో పెద్ద గేరు పట్టుకుని వేలాడకుండా ఒకటి తగ్గించి, కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి, ఇరవై దాటితే బాగానే తొక్కుతున్నట్టు.

వీలైతే వచ్చే ఆదివారం పరికరాల ఫొటోల బదులు ఈ సీటు సంగతి బొమ్మ గీయించి వేయండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్