ప్యాకెట్ మీది ‘హార్డీ’ మన ఎండ కోసం రాసింది కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో లిల్లీ పూల పెంపకం మీద వచ్చిన వ్యాసం చదివాను. గడ్డలు తెచ్చి ఒక్కసారి నాటితే ఏటేటా అవే పూస్తాయని అందులో రాశారు. పక్కన వేసిన బొమ్మలో ఉన్నవి ఆసియాటిక్, ఓరియంటల్ రకాలు. ఆ మాట హిమాచల్ కొండల్లో ఉండేవారికి చెల్లుతుందేమో కానీ, హనుమకొండలో డాబా మీద, పెరట్లో మొక్కలు పెంచుకునే మాబోటి వారికి చెల్లదు. ఈ సంగతి మూడేళ్లపాటు డబ్బూ ఓపికా ఖర్చుపెట్టి తెలుసుకున్నాను కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. వరంగల్ పూల మార్కెట్‌లో లిల్లీ కావాలని అడిగితే తూచి ఇచ్చేది నేలసంపెంగ. అది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, లిల్లీ కుటుంబానికి చెందినదే కాదు. వాన లిల్లీ, స్పైడర్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ అని మనం పిలుచుకునేవన్నీ అమరిల్లిస్ కుటుంబంలోవి, అంటే వంటింట్లోని ఉల్లిగడ్డకు దగ్గరి చుట్టాలు. వృక్షశాస్త్రం లిల్లీ అని ఒప్పుకునేది లిలియం జాతిని మాత్రమే. ఆ జాతి మొక్క దక్షిణ భారతంలో సహజంగా పెరిగేది నీలగిరుల వంటి ఎత్తైన చల్లని కొండల మీద. మన మైదానాల వేడిలోకి అది తనంతట తాను దిగి రాలేదన్న సంగతి ఒక్కటి నాకు ముందే తట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

మూడేళ్ల కిందట నవంబరులో ఆన్‌లైన్‌లో పది గడ్డలు తెప్పించాను. ప్యాకెట్ మీద ‘హార్డీ లిల్లీ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. లిల్లీ గడ్డను చేతిలోకి తీసుకుంటే ఉల్లిగడ్డకు దీనికి తేడా వెంటనే తెలుస్తుంది. ఉల్లిగడ్డను కాగితంలాంటి ఎండుపొర కాపాడుతుంది, దీనికి ఆ పొర ఉండదు. దళసరి రేకులు ఎల్లిగడ్డ రెబ్బల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండి, గాలి తగిలితే వడలిపోతాయి. అందుకే వీటిని ఉల్లిగడ్డల్లాగా బుట్టలో ఎండబెట్టి ఉంచకూడదు, తడి ఆరని కొబ్బరి పొట్టులో ఉంచాలి. నాకు వచ్చిన వాటిలో మూడు అప్పటికే మెత్తబడి, రేకుల సందుల్లో నీలపు బూజు పట్టి ఉన్నాయి. మిగిలిన ఏడింటిని ఎర్ర చల్క మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల పెంట కలిపిన కుండీల్లో గడ్డ ఎత్తుకు మూడింతల లోతున నాటాను. లిల్లీ కాడకు గడ్డ పైభాగాన కూడా వేర్లు పుడతాయి కనుక ఆ లోతు అవసరం. ఫిబ్రవరిలో అయిదు మొక్కలు పూశాయి, వీధిలో అందరినీ పిలిచి చూపించాను. ఆ సంబరం పది రోజులు. మార్చి చివరికి ఆకులు అంచుల నుంచి మాడడం మొదలైంది, గ్రీన్ నెట్ కట్టినా ఆగలేదు. జూన్‌లో కుండీలు బోర్లించి చూస్తే నాలుగు గడ్డలు కుళ్లి వాసన వేస్తున్నాయి, మూడు మాత్రం నిమ్మకాయంత సైజుకు కుంచించుకుపోయి ఉన్నాయి. మరుసటి చలికాలం ఆ మూడూ ఆకులు వేశాయే తప్ప ఒక్క మొగ్గా తొడగలేదు.

కారణం గడ్డ లోపలే ఉంది. లిలియం గడ్డకు ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు, సుమారు 2 నుంచి 5 డిగ్రీల చలి తగిలితేనే కాడ సరిగా లేచి మొగ్గ వేస్తుంది. మొదటి ఏడు నా మొక్కలు పూశాయంటే ఆ చలి అమ్మినవారి శీతల గిడ్డంగిలో వాటికి దొరికింది. రెండో ఏడు దాన్ని నేను ఇవ్వాలి. మన దగ్గర డిసెంబరు రాత్రుల్లో 12, 13 డిగ్రీలకు దిగితేనే చలిమంటలు వేసుకుంటాం, ఆ చలి లిల్లీ గడ్డకు చాలదు. మూడో ఏడు ఆ గడ్డలను తడి కొబ్బరి పొట్టుతో చిల్లుల సంచిలో కట్టి, అక్టోబరు, నవంబరు నెలలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. ఆ రెండు నెలలు ఆపిల్ పండ్లకూ అరటిపండ్లకూ ఫ్రిజ్‌లో చోటు లేదు, ఎందుకంటే పండ్లు మాగేటప్పుడు వెలువడే ఇథిలీన్ వాయువు గడ్డలోని మొగ్గను చెడగొడుతుంది. మా ఇంట్లో దీని మీద జరిగిన వాదనలు ఇక్కడ అనవసరం. చివరికి ఒక గడ్డ, రెండు పూలు పూసింది.

ఇక ‘హార్డీ’ అన్న మాట సంగతి. తోటపనిలో ఆ మాట పుట్టింది మంచు కురిసే దేశాల్లో. అక్కడ దాని అర్థం చలికాలంలో నేల గడ్డకట్టినా మట్టిలో గడ్డ చావదని. మనవాళ్లు దాన్ని ‘మొండి మొక్క, దేనికైనా తట్టుకుంటుంది’ అని చదువుకుంటారు, నేనూ అలాగే చదువుకున్నాను. 44 డిగ్రీల మే నెల ఎండకు ఆ మాటతో సంబంధమే లేదు. అమ్మేవారు అబద్ధం రాశారని అనలేను కానీ, తెలంగాణ చిరునామాకు ఆ ప్యాకెట్ పంపేటప్పుడు ఆ మాట వెనుక ఉన్న షరతు కూడా చెప్పాలి కదా. గడ్డ శాస్త్రీయ నామం, సెంటీమీటర్లలో దాని చుట్టుకొలత, చలి గిడ్డంగి నుంచి బయటికి తీసిన తేదీ ప్యాకెట్ మీద ముద్రించడం కష్టమేమీ కాదు. చుట్టుకొలతను బట్టి గడ్డలను వేరు చేయడం ఈ వ్యాపారంలో ఎలాగూ ఉన్నదే. కొనేవారికి మాత్రం అది కనిపించదు. మరో హెచ్చరిక కూడా ఉండాలి: అసలు లిల్లీ మొక్కలో ఏ భాగం తిన్నా, పుప్పొడి నాకినా పిల్లుల మూత్రపిండాలు పాడై ప్రాణం మీదికి వస్తుంది. పిల్లిని పెంచుకునే ఇంట్లో వీటిని పెట్టకపోవడమే మేలు.

మీ శీర్షిక రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ఉత్తర తెలంగాణ పాఠకులకు రాసేటప్పుడు మన మట్టిలో నిలిచే గడ్డల గురించి రాయించండి, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని అడిగి కార్తెల వారీగా రాయిస్తే మరీ మంచిది. వాన లిల్లీకి చలితో పని లేదు; మిరుగు వాన పడిన నాలుగైదు రోజులకు గులాబీ రంగులోనో, తెలుపులోనో గుంపుగా లేస్తుంది. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది కనుక కాస్త ఇసుక కలిపితే నేలసంపెంగ కూడా బాగా వస్తుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రజ్వల్ రకం నా దగ్గర ఉంది. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఫుట్‌బాల్ లిల్లీ. ఆఫ్రికా మొక్కే అయినా మన ఎండను లెక్కచేయదు. చలికాలమంతా కుండీలో ఏమీ లేనట్టే ఉంటుంది, అప్పుడు నీళ్లు పోయకుండా నీడన పెట్టాలి. రోహిణి కార్తె ఎండలో, మొదటి జల్లు పడీ పడకముందే ఆకు కూడా లేకుండా కాడ పైకి వచ్చి, వంద దాకా చిన్న పూలతో ఎర్రటి బంతి విచ్చుకుంటుంది. నాకు ఆ గడ్డ ఒకటి వెనుక వీధిలోని పెద్దమ్మ ఇచ్చింది. ఈ మే నెలలో నా కుండీల్లో పదకొండు బంతులు పూశాయి, పిల్లగడ్డలు తీసి ఇరుగుపొరుగుకు పంచుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ