బేస్ గిటార్ నెక్‌కి అంత మెరుపెందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

గిటార్ కొనేవాళ్లకు సలహాలిస్తూ పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. పికప్‌ల (తీగల కదలికను పట్టి యాంప్‌కి పంపే అయస్కాంతాల) గురించి, తీగల ఎత్తు గురించి, యాంప్ ఎన్ని వాట్లు ఉండాలో, అన్నీ వివరంగా రాశారు. సంతోషం. అయితే పాలిష్ ఎంత తళతళలాడితే పనితనం అంత గొప్పదని ఒక మాట జారవిడిచారు. బాడీ వరకైతే నాకు పేచీ లేదు. బేస్ గిటార్ నెక్, అంటే లోతైన స్వరాలిచ్చే లావు తీగల గిటార్‌లో ఎడమ చెయ్యి పట్టుకునే పొడుగాటి కాడ, దాని విషయంలో మాత్రం, అందులోనూ మా విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్లో, ఆ మాట నమ్మి కొన్న కుర్రాడికి మే నెలలో తెలిసొస్తుంది.

నేను పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. వయసులో ఉన్నప్పటి నుంచి పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించాను. ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు కుర్రాళ్ల గిటార్లకు సెటప్ చేసిపెడుతుంటాను.

మామూలు గిటార్ కంటే బేస్‌కి నెక్ ఫినిష్ (పైపూత) ఎందుకు ఎక్కువ ముఖ్యమో చెప్తాను. బేస్ తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు, అంటే దాదాపు 86 సెంటీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా బిగించే లోహపు కడ్డీ) సరిగ్గా అందులో సగం దగ్గర ఉంటుంది. మొదటి ఫ్రెట్ నుంచి అక్కడికి ఒక స్లైడ్ కొట్టాలంటే, అంటే తీగ నొక్కి ఉంచే వేలు జార్చాలంటే, ఎడమ చెయ్యి దాదాపు 38 సెంటీమీటర్లు జరగాలి. వేళ్లు తీగ మీద జరుగుతాయి సరే, బొటనవేలు మాత్రం నెక్ వెనక చెక్కకు ఆనుకునే జరగాలి. చూసేవాళ్లకు తీగల వైపే కనిపిస్తుంది. వాయించేవాడి సుఖదుఃఖాలన్నీ వెనక వైపే ఉంటాయి.

షామియానా కింద, జనరేటర్ పక్కన స్టేజి వేస్తారు. పైన హాలోజన్ లైట్లు. రాత్రి తొమ్మిదైనా ఉక్కపోత తగ్గదు. వరసగా రెండు ఫాస్ట్ పాటలు పడ్డాయంటే గ్లాసీ నెక్, అంటే తళతళలాడే పూత ఉన్నది, బొటనవేలిని పట్టేసుకుంటుంది, ఎండలో ఆటో రెక్సిన్ సీటు ఒంటికి అతుక్కున్నట్టు. అరిచెయ్యి పూర్తిగా తడిసిపోతే ఇంకా నయం, జారుతుంది. చెమట సగం ఆరి జిగటగా ఉన్నప్పుడే అసలు బాధ. స్లైడ్ మొదలుపెడితే చెయ్యి ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. స్వరం అర బీటు లేటుగా పడుతుంది. డ్రమ్మర్ తల తిప్పి చూస్తాడు. పౌడర్ రాసుకుంటే సరిపోతుందంటారు కొందరు. ఒక పాట వరకు సరిపోతుంది, ఆ తర్వాత పౌడరూ చెమటా కలిసి పేస్టు అవుతాయి. అది ఫ్రెట్ల అంచుల్లోకి చేరితే శుభ్రం చేసే పని మళ్లీ నాకే.

ఇందులో మాయేమీ లేదు. గ్లాసీ పూత చాలా నున్నగా ఉంటుంది కాబట్టి మెత్తబడిన చర్మం దానికి మొత్తంగా అంటుకుంటుంది. శాటిన్ అనే మ్యాట్ పూతలో కంటికి కనిపించని గరుకు ఉంటుంది, చర్మం ఆ ఎత్తుల మీదే ఆనుతుంది. తాకే చోటు తగ్గితే పట్టూ తగ్గుతుంది. నున్నగా ఉన్నదే బాగా జారుతుందని అందరూ అనుకుంటారు గానీ, పొడి చేతికే ఆ లెక్క.

పెద్ద కంపెనీలకు ఇది తెలియక కాదు. ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు మేపుల్ చెక్క నెక్‌కి నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పాలిష్ కొట్టేవారు. వాడేకొద్దీ బొటనవేలు తిరిగే చోట అది అరిగి, లోపలి చెక్క బయటపడేది. ఆ అరిగిన నెక్‌ల కోసం ఇప్పటికీ వెంపర్లాడేవాళ్లున్నారు. కొత్త గిటార్‌నే పాతదానిలా అరగదీసి ఎక్కువ ధరకు అమ్మేదాకా వెళ్లింది ఈ వ్యాపారం! అదే కంపెనీ ప్లేయర్ సిరీస్‌లో మేపుల్ ఫింగర్‌బోర్డ్ (వేళ్లు నొక్కే ముందు పలక) ఉన్నవి చూడండి, ముందు వైపు గ్లాసీ, వెనక శాటిన్. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ వాళ్ల స్టింగ్‌రే బేస్ నెక్‌లకు తుపాకీ చెక్కకు పట్టించే నూనె, మైనం రుద్దుతారు. వార్విక్ వాళ్లదీ నూనె, మైనం దారే.

అంత దూరం ఎందుకు, 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాల మాకు పక్కనే ఉంది. అక్కడ వయొలిన్ నేర్చుకున్నవాళ్లను అడగండి. మంచి వయొలిన్‌కు ఒళ్లంతా వార్నిష్ ఉంటుంది, చెయ్యి జరిగే నెక్‌కు మాత్రం ఉండదు, కాస్త నూనె పట్టించి వదిలేస్తారు. మన కర్ణాటక విద్వాంసులు వాద్యం చివరను కాలి చీలమండ దగ్గర ఆనించి కూర్చునేదే ఎడమ చెయ్యి గమకాలకు స్వేచ్ఛగా జరగడానికి. అంత స్వేచ్ఛ కావలసిన చేతి కింద మెరిసే పూత ఎవరూ పెట్టలేదు.

పేరుమోసిన అమెరికన్ బేసిస్టు జాకో పాస్టోరియస్ తన 1962 ఫెండర్ జాజ్ బేస్‌కు పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు కదా అని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. పూశాడు, కానీ వెనక కాదు, ఫ్రెట్లు పీకేసిన ఫింగర్‌బోర్డ్ మీద. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను కోసెయ్యకుండా వేసిన కవచం అది. ముందు వైపు పూత సంగతి వేరు, వెనక వైపు సంగతి వేరు.

ఇప్పటికే గ్లాసీ నెక్ కొన్నవాళ్లు గిటార్ అమ్ముకోనక్కర్లేదు. 1000 నంబరు గానీ ఇంకా సన్నంది గానీ వాటర్ పేపర్ తీసుకుని, నెక్ వెనక పొడవునా తేలిగ్గా రుద్దితే మెరుపు పోయి మ్యాట్ అవుతుంది. పూత మొత్తం తీసెయ్యకూడదు, పైన మెరుపు చంపితే చాలు. పూత పూర్తిగా పోతే చెక్క గాలిలో తేమ పీల్చుకుని వంగుతుంది, నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ తిప్పుకుంటూ కూర్చోవాలి. స్టీల్ ఊల్ వాడేవాళ్లు ముందుగా పికప్‌ల మీద మాస్కింగ్ టేప్ అంటించాలి, ఆ ఇనుప పొడి అయస్కాంతాలకు పట్టిందంటే వదలదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ వద్దు, లోతుగా గీతలు పడతాయి. కొన్నాళ్లకు బొటనవేలు తిరిగే చోట మళ్లీ మెరుపొస్తుంది, మళ్లీ రుద్దుకోవాలి. వారంటీలో ఉన్న గిటార్‌నూ, పాత నైట్రో లాకర్ ఉన్నదాన్నీ ముట్టుకోవద్దు.

ఇక నూనెల సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక నెక్‌కి ఇంట్లోవాళ్లు కొబ్బరి నూనె పట్టించారు. కొబ్బరి నూనె ఎన్నాళ్లున్నా ఆరదు, దుమ్ము పట్టి జిడ్డు వాసన కొడుతుంది. ఆరి గట్టిపడేది అవిసె నూనె, పెయింట్ షాపుల్లో లిన్సీడ్ ఆయిల్ అని దొరుకుతుంది. అదైనా పాలిష్ మీద రాస్తే లోపలికి ఇంకదు, ఉత్త చెక్కకే పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. ఆ నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి, లేదా నీళ్లలో ముంచాలి.

గ్లాసీ నెక్ అంటే నాకు ద్వేషమేమీ లేదు. చేతులు చెమటపట్టనివాళ్లు, ఏసీ స్టూడియోలో వాయించేవాళ్లు దాన్నే ఇష్టపడతారు, తుడవడమూ తేలిక. శబ్దంలో తేడా వస్తుందని ఎవరైనా అంటే మాత్రం నేను పట్టించుకోను. యాంప్‌లోంచి వచ్చేసరికి నా చెవికి ఏ తేడా వినపడలేదు. తేడా అంతా చేతిలోనే.

షాపుల వాళ్లకు ఒక విన్నపం. ధర చీటీ మీద రంగు పేరు, పికప్ పేరు రాస్తారు కదా, నెక్ వెనక ఏ పూత వేశారో కూడా రాయండి. ఏసీ గదిలో రెండు నిమిషాలు మోగించి చూపిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కొనేవాణ్ణి ఒక పావుగంట బయట ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, వాడికి వచ్చిన పాటేదో వాయించుకోనివ్వండి. గీతలు పడతాయని భయపడి మీరు నెక్‌కి చుట్టే ప్లాస్టిక్ కవరు మాత్రం ముందు తీసెయ్యండి.

— ఒక బేస్ గిటారిస్టు, విశాఖపట్నం