బాట్ల ఓట్లు, ఎవరూ చదవని రాతలు

సంపాదకుల వారికి,

రాస్తే డబ్బులిచ్చే సోషల్ మీడియా వేదికల్లో నాణ్యత పడిపోతోందన్న చర్చ వచ్చినప్పుడల్లా నింద మొత్తం బాట్ల మీదే పడుతోంది. బాట్ అనేది మనిషి బదులు పోస్టులకు ఓటు (డబ్బుగా మారే లైక్ లాంటిది) వేసే ఒక ప్రోగ్రామ్ మాత్రమే. దాని చేత ఓటు వేయిస్తున్న లెక్క ఏమిటో చూడకపోతే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది. అలాంటి వేదికే అయిన స్టీమ్‌లోనూ, దాని నుంచి 2020 మార్చిలో విడిపోయిన హైవ్‌లోనూ ప్రతి ఓటూ, ప్రతి చెల్లింపూ బహిరంగంగానే నమోదవుతాయి కాబట్టి ఆ లెక్క ఎవరైనా చూడవచ్చు.

2016లో మొదలైన స్టీమ్‌లో రచయితలకు అందే సొమ్ము ప్రకటనల నుంచి రాదు. కొత్తగా పుట్టే టోకెన్లలో (వేదిక సొంత డిజిటల్ నాణేలు) పెద్ద భాగం ఒక ఉమ్మడి నిధిలో పడుతుంది. పోస్టుకు పడిన ఓట్ల బరువును బట్టి 7 రోజుల తర్వాత అందులోంచి వాటా ఇస్తారు. ఎవరు ఎన్ని టోకెన్లు పవర్ అప్ చేసి, అంటే వెంటనే అమ్ముకోలేకుండా ఖాతాలో కట్టేసి, ఉంచుకుంటే వారి ఓటుకు అంత బరువు. నిధి ఒక్కటే. ఒక పోస్టుకు ఎక్కువ వెళ్తే మిగతావాటికి ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ‘నా టోకెన్లు, నా ఓటు, నా ఇష్టం’ అన్న వాదనను ఒప్పుకోలేం.

ఒక పూర్తి ఓటు వేస్తే ఓటు శక్తిలో 2 శాతం ఖర్చవుతుంది. రోజుకు 20 శాతం తిరిగి చేరుతుంది. అంటే ఒక ఓటు శక్తి కూడడానికి 2 గంటల 24 నిమిషాలు పడుతుంది. ఓట్లు అమ్మే బాట్ల (వీటినే బిడ్ బాట్లు అంటారు) రౌండ్లు ఎక్కువగా ఈ వ్యవధితోనే నడిచేవి. పోస్టు లింకును మెమోలో (చెల్లింపుతో పాటు పంపే చిన్న నోట్) పెట్టి బాట్ ఖాతాకు టోకెన్లు పంపితే, రౌండ్ ముగిశాక ఎవరు ఎంత పంపారో ఆ నిష్పత్తిలో ఓటు పంచేది. ఆ ఓటు విలువ 100 అనుకోండి. అప్పట్లో అందులో 75 రచయితకు, 25 ఓటు వేసినవారికి. కాబట్టి రౌండ్‌లో అందరూ కలిపి 75 కంటే తక్కువ పంపితేనే లాభం. 100 పంపితే ప్రతి ఒక్కరికీ పావు వంతు నష్టం. చివరి నిమిషంలో ఎవరైనా పెద్ద మొత్తం పంపితే ముందు పంపినవారి వాటా చిక్కిపోయేది. ఈ సంగతి తెలియని కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే డబ్బు పోగొట్టుకునేవారు. లాభం మాత్రం తమ ఓటు శక్తిని బాట్‌కు డెలిగేట్ చేసిన (వాడుకోవడానికి అప్పగించిన) పెద్ద ఖాతాలకు వెళ్లేది. ఒక్క పోస్టూ చదవకుండానే వాళ్లకు రోజూ ఆదాయం. మంచి రాతను ఏరి పైకి తేవాల్సిన వాళ్లే ఓటును అద్దెకిచ్చారు. కంచే చేను మేయడమంటే ఇదే.

రాత బాగుందా లేదా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఎక్కడినుంచో తెచ్చిన ఫొటో కింద నాలుగు వాక్యాలు పెట్టినా, వారం రోజులు కూర్చుని వ్యాసం రాసినా బాట్ దగ్గర ఒకటే రేటు. శ్రమ తక్కువ కాబట్టి మొదటి రకమే గిట్టుబాటు. ట్రెండింగ్ పేజీ ఓట్ల విలువను బట్టే వరుస కట్టడంతో కొన్న పోస్టులే పైన నిలిచాయి. కొత్త పాఠకుడు వేదికను అంచనా వేసేది ఆ పేజీని చూసే కదా! టోకెన్లను ఎవరూ వాడలేని నల్ ఖాతాకు పంపి శాశ్వతంగా తీసేస్తే పోస్టును ప్రమోటెడ్ విభాగంలో చూపే ఏర్పాటు స్టీమ్ వెబ్‌సైటు స్టీమిట్‌లో అప్పటికే ఉండేది. అది నిజాయితీ గల ప్రకటన. కానీ బాట్ దగ్గర ప్రచారమూ దొరికి, పెట్టిన డబ్బూ తిరిగొస్తుంటే ఆ దారిన వెళ్లేదెవరు?

2019 ఆగస్టులో స్టీమ్‌లో వచ్చిన 21వ హార్డ్ ఫోర్క్ (వేదిక నిబంధనలను మార్చే అప్‌డేట్) బాట్లను నిషేధించలేదు, లెక్క మార్చింది. రచయితకు, ఓటర్లకు చెరి సగం అయింది. ఓటు కొన్నవారికి 100లో 50 మాత్రమే తిరిగొస్తుంది. చదివి ఓటు వేసేవారికి అమ్ముకోవాల్సిన అవసరం తగ్గింది. అంతకంటే ముఖ్యమైనది డౌన్‌వోట్‌కు, అంటే పోస్టు రాబడిని తగ్గించే వ్యతిరేక ఓటుకు, విడిగా శక్తి ఇవ్వడం. అంతకుముందు చెత్త పోస్టుకు డౌన్‌వోట్ వేస్తే సొంత అప్‌వోట్ శక్తి కరిగేది, పైగా ప్రతీకార ఓట్ల భయం. ఇప్పుడు రోజుకు రెండున్నర పూర్తి డౌన్‌వోట్లు ఖర్చు లేకుండా వేయవచ్చు. ఆ తర్వాత చాలా బిడ్ బాట్లు మూతపడ్డాయి, కొన్ని క్యూరేషన్ (మంచి రాతలను ఎంచి ఓటు వేయడం) వైపు మళ్లాయి.

ఆటో ఓటు, అంటే ముందే జాబితాలో పెట్టుకున్న రచయితల పోస్టులకు ప్రోగ్రామే ఓటు వేయడం, మాత్రం మిగిలింది. ముందు ఓటు వేసినవారికి ఎక్కువ వాటా దక్కే రోజుల్లో బాట్లు 5వ నిమిషం కోసం కాచుకుని ఉండేవి. 5 నిమిషాల్లో మంచి వ్యాసాన్ని ఏ మనిషి చదవగలడు? 2021 జూన్‌లో హైవ్ మొదటి 24 గంటల ఓట్లన్నింటినీ సమానం చేయడంతో ఆ పరుగుపందెం ఆగింది. అయినా జాబితాలో పేరున్న రచయిత ఏం రాసినా ఓట్లు పడుతూనే ఉంటాయి. చదివేవారు లేకుండా డబ్బు వస్తుంటే రాత క్రమంగా పలుచబడుతుంది.

ఆటో ఓటు వాడక తప్పనివారు ఒక్కో రచయితకు రోజుకు ఒక పోస్టే అని పరిమితి పెట్టాలి. ఓటు బరువు 20, 30 శాతానికి మించనివ్వకూడదు. నెలకోసారి జాబితాలోని వాళ్ల తాజా పోస్టులు నిజంగా చదివి, పనికిరానివారిని తీసేయాలి. బాట్‌కు ఇచ్చిన డెలిగేషన్‌ను వెనక్కి తీసుకుంటే 5 రోజుల్లో శక్తి తిరిగొస్తుంది. దాన్ని చేత్తో ఎంచి ఓటు వేసే బృందాలకు ఇవ్వవచ్చు. వేదికలు నడిపేవారు ట్రెండింగ్ వరుసను సొమ్మును బట్టి మాత్రమే కట్టడం మానాలి. డబ్బిచ్చి పైకి తెచ్చిన పోస్టు మీద ఆ మాట స్పష్టంగా రాయాలి.

ఒక పోస్టు మీద అనుమానం వస్తే పాఠకులే తేల్చుకోవచ్చు. బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఈ బహిరంగ నమోదులను చూపే వెబ్‌సైటు) ఆ రచయిత వాలెట్ చరిత్ర తెరవండి. బయటికి వెళ్లిన చెల్లింపుల మెమోలో పోస్టు లింకు ఉండి, రెండు మూడు గంటల్లోపే డబ్బు అందుకున్న ఖాతా నుంచి పెద్ద ఓటు పడి ఉంటే అది కొన్న ఓటే. ఓట్లు వందల్లో ఉండి, అన్నీ ఒకే నిమిషంలో పడి, కింద వ్యాసం లోపలి విషయాన్ని ప్రస్తావించే వ్యాఖ్య ఒక్కటీ లేకపోతే అది ఆటో ఓట్ల పని. మొదటి రకానికి డౌన్‌వోట్ వేయండి. రెండో రకంలో ముందు పోస్టు చదవండి. రచయితకు తెలియకుండానే ఎవరో ఆయన పేరును జాబితాలో చేర్చుకుని ఉండవచ్చు.

— ఒక పాఠకుడు